రాని రోగానికి చేసే దానం

(బిషప్ వి.ఎస్. అజరయ్యగారి స్మృతిలో డోర్నకల్‌లో చేసిన ఉపన్యాసం)



అజరయ్యగారి భక్తి గురించీ ఆయన కట్టిన సంఘం గురించీ చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. నేను ప్రజారోగ్యం చదువుకుని, ఆ చదువే చెబుతూ వచ్చినవాణ్ణి. అందుకని ఆయన జీవితంలో నా పనికి దగ్గరగా వచ్చే ఒక్క విషయం తీసుకున్నాను. అది దానం. అందులోనూ ప్రజారోగ్య విద్యకూ పరిశోధనకూ ఇచ్చే దానం.

ఆస్పత్రి కట్టించడానికి, మంచాలు కొనివ్వడానికి, ఆపరేషన్ ఖర్చు భరించడానికి తెలుగునాట ముందుకొచ్చేవాళ్లకు కొదవ లేదు. ఆ రోగం అసలు ఎందుకు వస్తోందో కనుక్కోవడానికి, రాకుండా చూసే మనుషులను తయారుచెయ్యడానికి ఇచ్చేవాళ్లు మాత్రం తక్కువ. అలాంటి దానం జరిగిన చోటల్లా దాని ఫలం ఇచ్చినవాళ్లు ఊహించనంత దూరం వెళ్లింది. దానికి కోటీశ్వరులే ఉండాలన్న నియమమూ లేదు. ఎలా ఇవ్వాలో డోర్నకల్ నూరేళ్ల కిందటే చేసి చూపించింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

పిడికెడు బియ్యం

అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లెటూళ్లో పుట్టారు. 1903లో అక్కడి క్రైస్తవులు విదేశీ మిషన్ల మీద ఆధారపడకుండా, తమ చందాలతో తమ మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయన ఒకరు. ఆ సంఘం పనిచెయ్యడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయన తెలుగు నేర్చుకుని ఇక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న ఈ డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

పల్లెను పట్టి పీడించే దయ్యాలు నాలుగని ఆయన చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. నాలా ప్రజారోగ్యం చదివినవాడికి ఈ వరస చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మురికి రోగాన్ని తెస్తుంది, రోగం అప్పు చేయిస్తుంది, అప్పు తాగుడికి తోస్తుంది, తాగుడు మళ్లీ మొదటికే తెస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికో మందు వేసి ఊరుకుంటే చాలదనే మాట ఇవాళ మేం తరగతి గదుల్లో పాఠంగా చెబుతున్నాం. ఆయన ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి, రచ్చబండ దగ్గర చెప్పారు.

ఆయన పెంచిన సంఘంలో ఎక్కువమంది కూలినాలి చేసుకునే దళిత కుటుంబాలవాళ్లు. వాళ్లను ఆయన దానం పుచ్చుకునేవాళ్లుగా చూడలేదు, ఇచ్చేవాళ్లుగా నిలబెట్టారు. ఎసరు మరిగాక బియ్యం పోసే ముందు ఇంటావిడ అందులోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన విడిగా పెట్టిన కుండలో వేసేది. ఆ పూట ఇంట్లో నలుగురికీ సరిపోతుందో లేదో తెలియకపోయినా ఆ పిడికెడు మాత్రం తీసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. కోత పండుగ నాడు వడ్లు, జొన్నలు, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. మీలో చాలామంది ఇళ్లల్లో ఇది ఇప్పటికీ ఉంది. దానం మీద అజరయ్యగారు ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన మీ ఎపిఫనీ కెథడ్రల్‌ను చూడండి. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన ఆ కట్టడం వెనక ఎన్ని పొయ్యిల దగ్గర తీసిన పిడికెళ్లు ఉన్నాయో!

ఈ పద్ధతిలో మూడు సంగతులున్నాయి. పేదవాళ్లయినా ఇస్తారు. పండక్కో పెళ్లికో కాకుండా పూటపూటా ఇస్తారు. ఇచ్చింది ఎవరి పేరునా కాకుండా ఉమ్మడి సొత్తవుతుంది. పరిశోధనకు కావలసిన దానం సరిగ్గా ఇలాంటిదే. ఎలాగో చెబుతాను.

కనిపించని లబ్ధిదారు

అన్నం పెడితే తిన్నవాడి కడుపు నిండడం కళ్లారా చూస్తాం. కంటి ఆపరేషన్ చేయిస్తే కట్టు విప్పిన ముసలవ్వ చేతులు పట్టుకుని దీవిస్తుంది. పరిశోధనకు ఇచ్చిన డబ్బుకు ఆ భాగ్యం లేదు. మలేరియా రాని పిల్లవాడికి తనకు మలేరియా రాలేదన్న సంగతే తెలియదు. తెలియనివాడు ఎవరికి దండం పెడతాడు? అందుకే దాతలు ఇటువైపు రారు. వచ్చినా ఒకసారి ఇచ్చి ఆగిపోతారు.

మీ పొరుగున బయ్యారం చెరువు ఉంది. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించి, ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి శాసనం వేయించింది. చెరువు తవ్వించినవాళ్లకు శాసనం ఉంటుంది. ఏటేటా పూడిక తీసి, గండి పడకముందే కట్టకు మట్టి పోసినవాళ్లకు శాసనం ఉండదు. ఎనిమిది వందల ఏళ్లుగా అది చెరువుగా నిలిచిందంటే అలాంటి పేరులేని చేతుల వల్లే. ఆస్పత్రి భవనం చెరువు తవ్వించడం లాంటిది, ప్రజారోగ్యం కట్ట కాచుకోవడం లాంటిది. రెండూ కావాలి. రెండో పనికి చందా అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ కరువవడమే నా బాధ.

కాకినాడ నుంచి బోస్టన్‌కు

ఇలాంటి దానం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి మన తెలుగువాళ్లలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథను మించింది లేదు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుకు బలైపోయారు. మన పెద్దలు సంగ్రహణి అనేవారే, అలాంటి జబ్బు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావుగారు ఖద్దరు కట్టినందుకు దొరల ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి రావలసివచ్చింది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, విదేశం వెళ్లి ఉష్ణమండల వ్యాధులు చదవాలని తపించారు. చేతిలో డబ్బు లేదు.

అప్పుడు ఆదుకున్నవి రెండు. ఒకటి మామగారు పోగుచేసిచ్చిన సొమ్ము. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం. సత్యలింగం నాయకర్‌గారు పేదరికంలో పుట్టి, బర్మా వెళ్లి కష్టపడి వ్యాపారంలో ఆర్జించి, ఆ ఆస్తిని ధర్మానికి రాసిపోయినవారు. ఆ ఆసరాతో సుబ్బారావుగారు 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసి పొట్టపోసుకున్నారు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, ఒంట్లోని ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ తరవాత లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు మారారు.

అక్కడ జరిగింది వినండి. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసి, ఈస్టు సారంలో ఏదో ఒక పదార్థం వాళ్లను బాగుచేస్తోందని గమనించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీలో సుబ్బారావుగారు నడిపిన బృందం. అది స్ప్రూకు కూడా మందయింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఆయన బతికుండగానే మందు దొరికింది. 1947లో బోదకాలుకు హెట్రజాన్ మందు అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటితో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గించగలిగారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు అమెరికాలోనే చనిపోయారు. ఇంటికి తిరిగిరాలేదు.

కాకినాడలో ఆ రోజు ఒక కుర్రాడి చదువుకు సాయం చేద్దామని అనుకున్న ధర్మకర్తల మనసులో వీటిలో ఒక్కటైనా ఉందా? ఉండే అవకాశమే లేదు. ఫోలిక్ యాసిడ్ అన్న పేరే అప్పటికి పుట్టలేదు. ఈ సభలో ఉన్న ఆశా కార్యకర్తలు గర్భిణుల ఇళ్లకు తీసుకెళ్లి, ఎదురుగా మింగించే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే. బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. ఎవరు ఏం సాధిస్తారో ముందే తెలిసి ఇచ్చిన డబ్బు కాదది. ప్రశ్న గట్టిది, అడిగే మనిషి నిజాయితీపరుడు అని నమ్మి ఇచ్చిన డబ్బు. పరిశోధనకు దానం చేసేవాళ్లకు ఆ నమ్మకం ఉండాలి.

ఇక్కడా, మరోచోటా

నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి వెలిసింది కూడా ఇలాంటి దానంతోనే. మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, కుష్ఠు రోగులు వీధుల్లో పడి ఉండడం చూసి తల్లడిల్లి చికిత్స మొదలుపెట్టారు. నర్సా గౌడ్ అనే హిందూ ధనికుడు పెద్దమొత్తం ఇచ్చి ఆమెను నిలబెట్టారు. 1915 ప్రాంతంలో ఆస్పత్రి నడక మొదలైంది. క్రైస్తవ వైద్యురాలు, హిందూ దాత, ముస్లిం ప్రభువు ఏలుబడిలోని నేల. రోగాన్ని ఎదుర్కొనే పనిలో ఈ ముగ్గురికీ తేడా రాలేదు.

హైదరాబాదు చర్లపల్లిలో బ్లూ పీటర్ పరిశోధనా కేంద్రం ఉంది. కుష్ఠు, క్షయ మీద పనిచేస్తుంది. బ్లూ పీటర్ ఎవరో దాత పేరు కాదు, బ్రిటన్‌లో పిల్లలు చూసే టీవీ కార్యక్రమం. ఆ కార్యక్రమం పిలుపు విని పిల్లలు ఇళ్లల్లో వాడని వస్తువులు తెచ్చి అమ్మి పోగుచేసిన డబ్బుతో, 1999లో ఆ కేంద్రం తెరుచుకుంది. అక్కడి పిల్లలు మన చర్లపల్లిని ఎన్నడూ చూసి ఎరగరు.

అమెరికాలో 1938లో, పోలియోతో కాళ్లు చచ్చుబడిన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జాతీయ నిధి ఒకటి పెట్టారు. పది సెంట్ల నాణెం పంపండని జనాన్ని అడిగితే, శ్వేతసౌధానికి కవర్లు బస్తాలకొద్దీ వచ్చిపడ్డాయి. ఆ చిల్లర డబ్బే సాక్ పోలియో టీకా పరిశోధనను పోషించింది. 1954లో 18 లక్షల మంది పిల్లలతో పరీక్ష జరిగింది. మరుసటి ఏడు టీకా పనిచేస్తుందని తేలింది. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన ఆఖరి కేసు 2011 జనవరిలో నమోదైంది.

ఇక పెద్ద దానం సరిగ్గా వాడితే ఏమవుతుందో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి చూపిస్తుంది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబం బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు అక్కడ ఆపరేషన్లతో ఆగలేదు. 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంతాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించి సర్వే చేయించారు. చూపు పోవడానికి ముఖ్య కారణాలు శుక్లాలు, సరైన కళ్లద్దాలు లేకపోవడం అని తేలింది. ఈ రెండింటినీ ఊళ్లోనే పట్టుకోవచ్చు. ఆ లెక్క చేతిలో పెట్టుకుని పల్లెల్లో దృష్టి కేంద్రాలు పెట్టారు. ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. సర్వేకు పెట్టిన డబ్బు ఏ శిలాఫలకం మీదా కనిపించదు. ఆ కేంద్రాలు ఎక్కడ పెట్టాలో, ఏం చెయ్యాలో చెప్పింది మాత్రం ఆ సర్వేనే.

దాత గీత దాటకూడదు

ఇంతవరకూ మంచి చెప్పాను. చెడూ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. అది జరిగింది కూడా మీ పొరుగునే.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. గేట్స్ ఫౌండేషన్ విరాళంతో పాథ్ అనే సంస్థ నడిపిన ప్రాజెక్టది. వాళ్లలో చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే ఉంది. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదే. ఎన్నో దేశాల్లో ఆడపిల్లలను కాపాడుతోంది. అయితే తల్లికి ఆమె భాషలో చెప్పి, ఆమె ఒప్పుకున్నాక చెయ్యాల్సిన పనిని వార్డెన్ సంతకంతో కానిచ్చేస్తే, మంచి మందు మీద కూడా నమ్మకం చచ్చిపోతుంది. ఆ నమ్మకాన్ని మళ్లీ మొలిపించడానికి ఎన్నేళ్లు పడుతుందో ఇక్కడున్న ఆశా కార్యకర్తలను అడగండి. దానం ఎంత పెద్దదైనా దాత ప్రశ్నను తన ఇష్టప్రకారం వంచకూడదు, జవాబును తొక్కిపెట్టకూడదు, పేదవాడి ఒంటిని అడగకుండా వాడుకోకూడదు. అందుకే ఊరి జనం కూడా దాతలు కావాలని నేను కోరుతున్నాను. ఇచ్చినవాడికి అడిగే హక్కు వస్తుంది. పిడికెడు బియ్యం వేసిన ఇంటావిడ గుడి పెద్దలను లెక్క అడగగలిగేది.

మన ముందున్న ప్రశ్న

మరి డోర్నకల్ ఇప్పుడు దేని మీద పెట్టాలి? నా మనసులో ఉన్న ఒక ప్రశ్న మీ ముందు పెడతాను.

తెల్లవారకముందే మిరపతోటకు నీళ్లు కట్టడానికి చెప్పులు లేకుండా పోయే రైతును తలుచుకోండి. గట్టు మీద గడ్డిలో ఏముందో కనపడదు. నాగుపామో కట్లపామో రక్తపింజరో కాటు వేస్తుంది. పక్కవాళ్లు తాడుతో బిగించి కడతారు, కొందరు పసరు కోసం, మంత్రం కోసం తీసుకెళతారు. గంటలు గడిచాక ఆస్పత్రికి వస్తాడు. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని మరణాల మీద జరిగిన అధ్యయనం అంచనా కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఆ భారం ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కూడిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీళ్లలో ఎక్కువమంది ఆస్పత్రి గడప తొక్కకుండానే పోయారు. అందుకే ఆస్పత్రి రిజిస్టర్లలో కనపడరు, లెక్కల్లోకి రారు.

ఈ మండలంలో ఎవరికి, ఏ నెలలో, ఏ వేళప్పుడు, ఏ పొలం పనిలో కాటు పడుతోంది? ఆస్పత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగారు? దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఊరికొక నోటు పుస్తకం, దాన్ని ఓపిగ్గా రాసే మనిషి, ఆ రాతను లెక్కగా మార్చగల చదువు కావాలి. ఆ లెక్క చేతికొస్తే విషం విరుగుడు మందు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎంత ఉంచాలో, ఏ తండాకు బండి ముందు పంపాలో, ఏ ఊళ్లో బూట్లూ టార్చిలైట్లూ పంచాలో తెలుస్తుంది.

దీనికి మూడు పనులు కోరుతున్నాను. మొదటిది, ఈ ప్రాంతపు పిల్లల్లో ఏటా ఒకరిద్దరిని ప్రజారోగ్యం చదవడానికి పంపడం. డాక్టరే కానక్కర్లేదు. ఏఎన్ఎం కూతురు కావచ్చు, డిగ్రీ అయిన లంబాడీ కుర్రాడు కావచ్చు. హైదరాబాదులో 2008 నుంచి భారత ప్రజారోగ్య సంస్థ ఉంది, వరంగల్‌లో కాళోజీ పేరు మీద ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. దారి ఉంది, దారిఖర్చు కావాలి. రెండోది, ఊరూరా రాసే ఆ నోటు పుస్తకానికి నెలనెలా కొద్దిపాటి నిధి. కనీసం ఐదేళ్లు తెగకుండా ఉండాలి, ఎందుకంటే ఒక్క వానాకాలం లెక్క ఏమీ చెప్పదు. మూడోది, తేలిన సంగతిని తెలుగులోనూ లంబాడీలోనూ ఏడాదికోసారి గ్రామసభలో చదివి వినిపించడం, పైసా పైసా లెక్కతో సహా.

కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. అడగండి. విదేశాల్లో స్థిరపడ్డ మన పిల్లలను అడగండి. భవనాలకు వాళ్లు ధారాళంగా ఇస్తున్నారు, చదువుకూ లెక్కకూ కూడా ఇవ్వమని చెప్పండి. అయితే ముందు మీ చెయ్యి పడాలి. మీరు మొదలుపెట్టిన నిధికి వచ్చే పెద్ద దాత మీ ప్రశ్నకు సాయం చేస్తాడు. మీరు లేకుండా వచ్చే దాత తన ప్రశ్న తెచ్చుకుంటాడు.

అజరయ్యగారు చెప్పిన నాలుగు దయ్యాల్లో ఒకదానితో పోరాటం మొదలుపెట్టడానికి ఇంతకన్నా దగ్గరి పని నాకు కనిపించలేదు. తొలకరి పడితే గట్ల మీద గడ్డి లేస్తుంది, పాములు బయటికొస్తాయి. అప్పటికి ఈ మండలంలో పది ఊళ్లలోనైనా ఆ నోటు పుస్తకాలు తెరుచుకుని, రాసేవాళ్లకు ఐదేళ్ల ఖర్చు చేతిలో ఉండాలి. ఆ పది ఊళ్ల పేర్లు ఇవాళ ఈ సభ నుంచి కదిలే ముందే రాసుకుందాం. నా వంతు చందా మొదట రాసుకోండి. రాసేవాళ్లకు శిక్షణ ఇచ్చే పని నాది.